పంటికి ముహూర్తం

పులివెందుల,
14-10-1958

ప్రియమైన నాన్నకు,

విశాలాక్షి నమస్కారాలు. ఎట్టకేలకు నా పంటి గొడవ తీరింది. రెండు నెలలుగా కుడి దవడ పట్టుకుని నేను మూలిగిన మూలుగులు మా వీధంతా విన్నది. పీకించి పారెయ్యమనని వాళ్ళు లేరు. మా అత్తగారైతే, "పన్ను పోతే పోయె, నోరుంటే చాల్లే" అన్నారు. మీ అల్లుడు మాత్రం మొండికేశారు. తాలూకా కచేరీలో సెలవు పెట్టి మూడు వారాలు వరసగా నన్ను ప్రొద్దుటూరుకు బస్సులో తిప్పారు. అక్కడ హబీబుల్లా గారని, మద్రాసులో చదివి వచ్చిన పళ్ళ డాక్టరు. పన్ను కదిలించకుండా వేర్లలోని నరం తీసేసి, మందు పెట్టి మూసేశారు. నేను అరిచినప్పుడల్లా పక్కన కూర్చున్న మీ అల్లుడి ముఖం నాకంటే ఎక్కువ వాడిపోయేది.

ఆఖరి రోజు డాక్టరు గారు గట్టిగా చెప్పారు: "నొప్పి పోయింది గదా అని ఏమారొద్దమ్మా. నరం తీసినాక పంటికి ప్రాణం లేదు, ఎండిన కట్టె మాదిరి అయిపోతాది. గట్టిది కొరికితే నిలువునా చీలుతాది. చీలిందంటే నేనేం చేయలేను, పీకాల్సిందే. నెల లోపల పైన బంగారు తొడుగు వేయించుకో."

కొలత ఇచ్చి వచ్చాము. విరిగిన ఉంగరం ఒకటి ఉంటే దానికే ఇచ్చాము. లోపలి పన్ను కాబట్టి నవ్వితే తప్ప కనబడదట. పాఠం చెబుతూ నేను నవ్వితే బళ్ళో పిల్లలు ఎక్కాలు మరిచిపోతారని మీ అల్లుడి వెక్కిరింపు. ఏ రోజు వేయించుకోమంటారు? మీరు చెప్పందే గోరు కూడా తీసుకోని కూతురిని కదా!

మీ
విశాలాక్షి


జమ్మలమడుగు,
20-10-1958

చిరంజీవి సౌభాగ్యవతి విశాలాక్షిని ఆశీర్వదించి నాన్న వ్రాసేది.

ప్రియమైన తల్లీ, నీ జాబు రెండుసార్లు చదివాను. మీ అమ్మ ఉండి ఉంటే అల్లుడికి దిష్టి తీసేది. పెళ్ళాం పన్ను కోసం సెలవు పెట్టిన మగవాణ్ణి నేను ఈ తాలూకాలో ఇంతవరకూ చూడలేదు. నా ఆశీర్వాదం చెప్పు.

దీపావళికి మురుకులు చేయించి పంపుతాను, కానీ అవి అల్లుడికి. నువ్వు ముట్టుకోవద్దు. చెరుకు, వేయించిన శనగలు, పోకచెక్క జోలికి పోకు. అన్నీ ఎడమ పక్కనే నములు.

ఇక తొడుగు సంగతి. ప్రస్తుతం శుక్రమూఢం నడుస్తున్నది. కొత్త బంగారం ఒంటి మీద పెట్టుకోరాదు. నోరు ఒంట్లోది కాదా? డిసెంబరు 18 గురువారం పొద్దున దివ్యంగా ఉంది, ఆ రోజు వేయించుకో. డాక్టరు నెల అన్నాడంటావు. ఆయన పంచాంగం చూడడు, నేను చూస్తాను. రెండు నెలలు నువ్వు నోరు కట్టుకుంటే పన్ను ఎక్కడికీ పోదు.

నాన్న
గురురాజారావు


పులివెందుల,
18-1-1959

ప్రియమైన నాన్నకు,

పన్నెండో రోజు ముగించి మీరు వెళ్ళి నెల దాటింది. రాయాలని కూర్చోవడం, కాగితం మడిచి లేవడం, ఇదే నా పని. ఆయన చొక్కాలు ఇంకా కొయ్యకే ఉన్నాయి. టైఫాయిడ్ అని తెలిసేసరికే పది రోజులు గడిచాయి. ఆ జ్వరంలో కూడా ఒకసారి కళ్ళు తెరిచి, "ఎడం పక్కనే నములుతాండావా?" అని అడిగారు. నములుతున్నానని చెప్పాను. తరువాత నాతో పెద్దగా మాట్లాడలేదు.

మీరు పెట్టిన డిసెంబరు పద్దెనిమిది వచ్చి వెళ్ళిపోయింది. మొన్న డాక్టరు గారి నుంచి కార్డు వచ్చింది. తొడుగు ఎప్పుడో తయారైందట, ఎందుకు రాలేదని అడిగారు. ఆయనకు ఇక్కడి సంగతి తెలియదు.

నాన్నా, వేయించుకోనా? సొగసు కోసం కాదు. ఊరంతా పీకించమంటే ఈ పన్ను ఉండాల్సిందేనని ఆయనొక్కరే పట్టుబట్టారు. మాకు పిల్లలా, లేరు. ఆయన నాకోసం చేసినవాటిలో నా ఒంట్లో మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే నేను ఓర్చుకోలేను. "మీ నాయన సరేనంటే నేను కాదన్ను" అని మా అత్తగారు అన్నారు. అంతా మీ మాట మీదే ఉంది.

మీ
విశాలాక్షి


జమ్మలమడుగు,
27-1-1959

చిరంజీవి విశాలాక్షిని ఆశీర్వదించి నాన్న వ్రాసేది.

ప్రియమైన తల్లీ, ఈ జాబు రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయక తప్పదు.

నేను నలుగురికి ఆచారం చెప్పి బతికేవాణ్ణి. పోయిన ఏడు మా వీధిలోనే అలివేలుమంగ కూతురికి ఇరవై ఏళ్ళకే ఆ రాత పట్టింది. పిల్ల ముక్కుపుడక ఉంచుకుంటానని ఏడిస్తే, కూడదని తీయించింది నేను. ఆ తల్లి ఇప్పటికీ రోజూ నాకు ఎదురుపడుతుంది. నా కూతురి నోట్లో కొత్త బంగారం పెట్టారని రేపు ఆమెకు తెలిస్తే నేను ఏ ముఖంతో ఆ వీధిలో నడవను? పంటికని నువ్వూ నేనూ అనుకుంటాం. చూసేవాళ్ళకు అది బంగారమే.

సంవత్సరీకం కానీ. అప్పటికి జనం నోళ్ళు కొంచెం మూతపడతాయి. అంతవరకూ మెత్తనివి తిని పన్ను కాపాడుకో. నన్ను తిట్టుకున్నా సరే.

నాన్న
గురురాజారావు


పులివెందుల,
22-3-1959

ప్రియమైన నాన్నకు,

మీ మాట ప్రకారమే ఉన్నాను. సంగటి, మజ్జిగ, మెత్తగా పిసికిన అన్నం. బళ్ళో పిల్లలు బొరుగుండలు చేతిలో పెడితే కొరకకుండా పైట కొంగున కట్టుకుని ఇంటికి తెస్తున్నాను. పైన మూసిన మందు ఒక మూల రాలిపోయింది. నాలుకకు పదునుగా తగులుతోంది. రోజూ అద్దంలో చూసుకుంటున్నాను, ఇంకా చీలలేదు.

మీ జాబు మొదట సౌభాగ్యవతి అన్న మాట లేదు. ఉండదని నాకు తెలుసు. అయినా వెతికాను.

నవ్వితే కనబడుతుందనేగదా మీ భయం. నేను నవ్వను నాన్నా. ఇంకొక్కసారి ఆలోచించండి.

మీ
విశాలాక్షి


జమ్మలమడుగు,
4-7-1959

చిరంజీవి విశాలాక్షిని ఆశీర్వదించి నాన్న వ్రాసేది.

ప్రియమైన తల్లీ, నీ మార్చి జాబుకు ఇంతవరకూ బదులు రాయలేదు.

నిన్న ఒక ఆబ్దికానికి ప్రొద్దుటూరు పోయాను. బస్టాండులో ఒకాయన దగ్గరకు వచ్చి, "విశాలాక్షమ్మ నాయన మీరే గదా? మీ అల్లుడు ఒకసారి చూపించినాడు" అన్నాడు. హబీబుల్లా డాక్టరు. అల్లుడి సంగతి చెప్పాను. నన్ను పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టాడు. తరువాత, "మరి తొడుగు నా డబ్బీలోనే ఉండాదే. ఆయమ్మను ఎందుకు పంపలేదు సామీ?" అని అడిగాడు. ఆచారం అన్నాను. ఆయన నా కళ్ళలోకి చూసి అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "పంటికేమన్నా పెండ్లయిందా సామీ, ముండమోసేదానికి? నేను ఇచ్చేది మందు. దాన్ని నగ అంటాండేది మీరే."

నలభై ఏళ్ళు శాస్త్రం చెప్పినవాణ్ణి, ఇంటికి వచ్చి నీ జాబులన్నీ మళ్ళీ చదివాను. మొదట మూఢమని ఆపింది నేను. తరువాత ఆచారమని ఆపింది నేను. అల్లుడు ఉన్నప్పుడే, ఆయన నవ్వుతూ చూస్తుండగా ఆ తొడుగు పడవలసింది.

వచ్చే శుక్రవారం, పదో తేదీ, ప్రొద్దుటూరుకు రా. నేను బస్టాండులో ఉంటాను. రాహుకాలం చూడలేదు, వర్జ్యం చూడలేదు. అలివేలుమంగకు నేనే చెప్పుకుంటాను. ఆమె కూతురి ముక్కుపుడక విషయంలోనూ తప్పు నాదేనని చెప్తాను.

నాన్న
గురురాజారావు


పులివెందుల,
8-7-1959

ప్రియమైన నాన్నకు,

మీ జాబు నిన్న చేరింది. నేను మొన్ననే ప్రొద్దుటూరు పోయి వచ్చాను.

పోయిన నెల ఇరవై తొమ్మిదిన బళ్ళో కొర్రన్నం తింటున్నాను. చిన్న రాయి. ఎడమ పక్కనే నములుతున్నాను, అది ఎలా కుడివైపు పోయిందో తెలియదు. పుల్ల విరిగినట్టు శబ్దం వచ్చింది. వెంట వచ్చే మనిషి లేక, మరిది కడప నుంచి వచ్చేదాకా వారం రోజులు ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ గడిపాను. డాక్టరు గారు చూసి, "వేరు దాకా చీలింది తల్లీ" అన్నారు. పీకిన తరువాత ఆయన చేతులు కడుక్కుంటూ అటు తిరిగి నిలబడ్డారు. నేను ఏడవలేదు. బస్సులో ఏడ్చాను.

తొడుగు కాగితంలో చుట్టి ఇచ్చారు. ఇంటికి వచ్చి విప్పి చూశాను. నా పంటి గుంటలన్నీ దాని మీద ఉన్నాయి.

ఒక మాట అడుగుతాను, కోపగించుకోకండి. ఆయనను తీసుకుపోయే రోజు, చితి మీద నోట్లో పెట్టడానికి బంగారు తునక కావాలని మీరే లోపలికి కబురు పంపారు. అది లేకుండా పంపకూడదన్నారు. నా కమ్మ తీసి ఇచ్చాను, మీరే దగ్గరుండి పెట్టించారని మరిది చెప్పాడు. కాలిపోయే నోటికి బంగారం లేకపోతే కూడదు, అన్నం తినే నా నోటికి ఉంటే కూడదు. జనవరిలోనే ఇది మిమ్మల్ని అడగవలసింది. అప్పుడు నాకు తోచలేదు.

తొడుగు రిజిస్టరు పోస్టులో మీకు పంపుతున్నాను. నాకు ఇక దానితో పని లేదు. మీరు వెళ్ళే ఇళ్ళలో, ఎవరైనా పోయినప్పుడు ఆ తునకకు కూడా గతిలేని వాళ్ళుంటే, వాళ్ళ నోట్లో పెట్టండి.

అలివేలుమంగమ్మకు చెప్తానన్నది మాత్రం మానుకోవద్దు. ఆ పిల్ల ముక్కుపుడక రంధ్రం ఇంకా పూడి ఉండదు.

శుక్రవారం మీరు ప్రొద్దుటూరు పోవద్దు. నేను రాను. ఎండలో నిలబడి ప్రతి బస్సూ చూస్తారు.

మీ
విశాలాక్షి