కడవుళ్ అవసరం

తిరుత్తణి, 1979. ఆడికృత్తిక మరునాడు.

దేవుడు కావాలా వద్దా అని ఈరోజు క్లాసులో చర్చ పెట్టారు. నా టైఫాయిడ్ తగ్గిందని నిన్న మోకాళ్ల మీద కొండ మెట్లెక్కిన అమ్మ గుర్తొచ్చి, ఆవేశంగా లేచాను. అరవంలో చెప్పబోయి, మన మాటే నోట్లోకొచ్చి, "కడవుళ్ అవసరం" అనేశాను. కడవుళ్ అంటే దేవుడే గానీ, అరవంలో అవసరమంటే తొందర!

"ఏమప్పా, సామికి రైలు తప్పిపోతుందా?" అన్నాడు వెనక బెంచీవాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. సిగ్గుతో నేనూ నవ్వాను. అంతటితో ఆగానా? నాకూ నమ్మకం లేదన్నాను. ఆ మాట మాత్రం తప్పు లేకుండా వచ్చింది.

అప్పట్నుంచీ నా ముఖం నాకే అసహ్యంగా ఉంది. ఇంటికి రాగానే అమ్మ విభూతి పెడుతూ, "మొగం అట్లుందేమి నాయనా? యాడన్నా పడినావా?" అంది.

లేదన్నాను. ఆమె మోకాళ్లకు పసుపు గుడ్డలు ఇంకా కట్టే ఉన్నాయి.