ఓరంగా పోవాలమ్మా

శుక్రవారం, రాత్రి

ఈరోజు బస్టాండు దగ్గర రోడ్డు భద్రత సభలో బైకులవాళ్లకు హెల్మెట్లు పంచారు. నేను లేచి, "సైకిల్లో పోయేవాళ్లు యాడ పోవాల సార్?" అని అడిగాను.

"ఓరంగా పోవాలమ్మా," అన్నాడు పోలీసాయన.

మా ఆయన బైపాస్‌లో సైకిల్లో ఓరంగానే వెళ్లాడు. లారీ తెల్లగీత దాటి వచ్చి గుద్ది చంపింది. ఆ సంగతి చెప్పబోతే మైకు ఇంకొకరి చేతికి పోయింది.

ఇంటికొచ్చేసరికి కూతురు, బడిలో ఇచ్చిన కొత్త సైకిల్ తుడుస్తోంది. "సోమవారం నుంచి దీంట్లోనే పోతానమ్మా. బస్సును నమ్ముకుంటే దినమూ లేటే," అంది. దానికీ ఆ బైపాసే దారి. వద్దంటే చదువు వెనకబడుతుంది.

అది లోపలికి వెళ్లాక రెండు చక్రాల్లోనూ గాలి తీసేశాను. పొద్దున్నే మళ్లీ కొట్టించుకుంటుందని తెలుసు. ఇంకేం చేయాలో తోచలేదు.