ఏలకుల తొక్కలు

వదినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ పటం ముందు చెనక్కాయ ఉండలు పెట్టాను. మధ్యాహ్నం నీ లోషన్‌ను నాదని చెప్పి వచ్చాను.

మా మహిళా సంఘంలో ఎవరు ఏం తయారుచేస్తారో రాసుకోవడానికి ముదిగుబ్బ నుంచి ఆఫీసు మేడమ్ వచ్చింది. అందరి ముందూ చెనక్కాయల నూనెలో ఏలకుల తొక్కలు మరిగించి వడగట్టాను. అందులో తేనెమైనం కరిగించి, గోరువెచ్చని నీళ్లు చుక్కచుక్కగా పోస్తూ, నువ్వు చేసినట్టే గిలకొట్టాను. అచ్చం ఉండల వాసన.

"ఎవరు నేర్పినారు?" అంది మేడమ్.

"నేనే కనిపెట్టినా." మాట తడబడలేదు వదినా.

"మరి గింజలు వేయకుండా తొక్కలెందుకు?"

నాకు తెలియదు. నిన్నెప్పుడూ అడగలేదు. "తొక్కల్లోనే గుణముండాది మేడమ్" అన్నాను.

గోడవార కూర్చుని పగిలిన మడమలకు లోషన్ రాసుకుంటున్న మీ అమ్మ తలెత్తకుండానే అంది: "గుణమూ లేదు, ఏమీ లేదు. గింజలన్నీ నా కూతురు ఈ ఆడబిడ్డకు చేసే ఉండల్లో ఏస్తాండె. మిగిలిన తొక్కలు పారేయలేక తనకు ఇది చేసుకుంటాండె."

నేను గిన్నె తీసుకుని కడగడానికి లేచాను. మేడమ్ పుస్తకంలో లోషన్ పక్కన నా పేరే ఉండిపోయింది.

నువ్వు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నీ ఒంటి నుంచి ఈ వాసన వస్తుంటే, నా ఉండలు దొంగచాటుగా తింటున్నావని అన్నకు చాడీ చెప్పాను. మరునాడు నువ్వు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ లోషన్ చేసి చూపించావు.

గింజలు ఎక్కడికి పోయాయో మాత్రం చెప్పలేదు.