మన చెరువు అడుగు బురద

వూహాన్‌

చెల్లీ గుయిలాన్‌,

తామరదుంపల పులుసు తిన్నాకే మనవడికి కడుపునొప్పి అన్నావని వీధంతా నవ్వితే, అలిగి ఊరే వదిలావు. నీటి పరీక్షలవాళ్లు కూడా ఏటా పడవలో వచ్చి, నడిచెరువులో పైనీళ్లు ముంచుకుని, బాగుందని రాసిపోయేవారు. టీ రుచి ఆవిరి చూసి చెప్పినట్టు.

ఈసారి షూ మిన్ అనే అమ్మాయి వచ్చింది. “దుంపలు తవ్వేవాణ్ణి తల్లీ, నా కాళ్లనడుగు. రంగుల కార్ఖానా గొట్టం దగ్గర బురదలో దిగితే మండుతాయి” అన్నాను.

“అయితే దిగండి తాతా. మండినచోటల్లా కర్ర పాతండి” అంది.

పదకొండు పాతాను. ఆ అమ్మాయి పరీక్షిస్తే అన్నిచోట్లా బురదలోనూ దుంపల్లోనూ సీసం ఉందని తేలింది. గొట్టం మూసేశారు. నా పంటంతా పారబోయించారు, నేనే దగ్గరుండి చూశాను. పిల్లలందరికీ రక్తపరీక్షలు చేస్తున్నారు, మనవణ్ణి వెంటనే తీసుకురా.

నవ్వినవాళ్లే క్షమాపణకు నీ అడ్రసు అడుగుతున్నారు. ఇవ్వనా, ఇంకొన్నాళ్లు తిప్పనా?

మీ అన్నయ్య