మా తమ్ముడు ఉన్న సముద్రం వేరు

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,
నిజామాబాద్.
(సోమవారం ప్రజావాణిలో దాఖలు)

అర్జీదారు: కీ.శే. దేవయ్య గారి పెద్ద కూతురు కమలమ్మ, అంగన్‌వాడీ టీచర్, బోధన్ మండలం.

అయ్యా,

విషయం: ముంబై నుంచి బయలుదేరవలసిన ఓడ ప్రయాణం రద్దయినందున, నలుగురి టికెట్ల సొమ్ము ఓడ కంపెనీ వారి నుంచి తిరిగి ఇప్పించుట గురించి.

తమ దివ్య సముఖమునకు నమస్కరించి విన్నవించుకొనునది ఏమనగా,

1. మేము నలుగురం తోబుట్టువులం. నేను పెద్దదాన్ని. నా తరువాత పాల్ రాజ్, చెరుకు లారీ నడుపుతాడు. ఇక్కడి ఫ్యాక్టరీ మూతపడిన తరువాత సరిహద్దు దాటి మహారాష్ట్ర ఫ్యాక్టరీలకు తోలుతున్నాడు. అతని తరువాత ఎస్తర్, బీడీలు చుడుతుంది. అందరికన్నా చిన్నవాడు వెస్లీ. వాడు పుట్టిన ఏడాదికే మమ్మల్ని కన్న అవ్వ పోయింది. వాడిని నేనే పెంచాను.

2. వెస్లీ మేము మస్కట్ అనే ఒమన్ దేశంలోని సలాలా రేవులో పనికి పోయాడు. ఒడ్డుకు దూరంగా లంగరు వేసిన పెద్ద ఓడలకు బియ్యం, కూరగాయలు, మంచినీళ్లు చేరవేసే చిన్న పడవ మీద పని. నాలుగేళ్ల కిందట ఒకనాడు గాలి లేచింది. పడవ తిరిగి వచ్చింది, వెస్లీ రాలేదు. వెతికినారు, దొరకలేదు. వాడి గదిలోని బట్టలు, ఫోను, బైబిలు ఒక పెట్టెలో మాకు చేరినవి. వాడు చనిపోయినట్లు అక్కడి సర్కారు ఇచ్చిన కాగితం కవరులో తరువాత వచ్చింది. ఆ కవరును వాడి భార్య జ్యోతిరాణి పెట్టె అడుగున పెట్టింది. ఇంతవరకు చించలేదు.

3. మేము మెథడిస్టు సంఘం వారము. ఈస్టరుకు ముందు మా వాళ్లు సమాధులకు సున్నం వేసి, పండుగ నాడు తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకొని పోయి, పాట పాడి ప్రార్థన చేస్తారు. ఏ ఇంటివాళ్లు ఆ ఇంటి సమాధి దగ్గర నిలబడతారు. మేము బాపు, అవ్వల దగ్గర నిలబడతాము. జ్యోతిరాణి గేటు బయటనే ఉంటుంది. లోపలికి రమ్మంటే, "నాకు ఈడ ఎవరున్నరు వదినె?" అంటుంది.

ఎవరైనా అడిగితే ఆయన మస్కట్‌ల ఉన్నడనే చెబుతుంది. భర్త పోయినవాళ్లకిచ్చే ఆసరా పింఛనుకు పెట్టుకొమ్మంటే అది నాకు రాదు అన్నది. వెస్లీ ఫోను నంబరుకు నెలనెలా పైసలు వేయిస్తుంది. ఆ ఫోను అలమరలో చార్జింగుకు పెట్టే ఉంటుంది. మోగితే పరుగున వచ్చి ఎత్తుతుంది. మెసేజీలు మాత్రం చూడదు. "ఆయనకు వచ్చినయి నేనెట్ల సదువుత" అంటుంది.

4. మేము ఓడ ఎందుకు ఎక్కాలనుకున్నామో తమరికి తెలియాలి. మేము విహారానికి పోయేవాళ్లం కాము.

ఒకనాడు అందరం ఎస్తర్ ఇంట్లో కూర్చున్నాము. పాల్ రాజ్ అన్నాడు: "బట్టలన్న పూడ్సి మీద ఒక రాయి పెడుదాం అక్క. నిలవడెతందుకు ఒక జాగ ఉంటది."

ఎస్తర్ బీడీ చుట్టడం ఆపకుండానే, "బట్టలకు సమాధి కడుతవా అన్న. రేపు నీ పాత లారీకి గూడ కడుదువు" అన్నది.

జ్యోతిరాణి నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. "నీళ్లల్ల ఉన్నడంటున్నరు గద. ఆ నీళ్లు సూపియ్యుండ్రి. సూస్తె ఒప్పుకుంట" అన్నది.

అందరూ నా వైపు చూశారు. ప్రార్థన చేసి చెబుతానన్నాను. మస్కట్ పోవడానికి పాస్‌పోర్టులు, వీసాలు మా వల్ల కాదు. మా అంగన్‌వాడీ సెంటరు గోడ మీద పిల్లలకు చూపించే ప్రపంచ పటం ఉన్నది. అందులో ముంబై పక్కనున్న నీళ్లకు, సలాలా ముందున్న నీళ్లకు రంగు ఒక్కటే, పేరు ఒక్కటే. అరేబియా సముద్రం. మధ్యలో గీత లేదు. నాకు అదే జవాబు అనిపించింది. నడి సముద్రం దాకా ఓడలో పోయి, పూలు వేసి, ప్రార్థన చేసి వద్దామని చెప్పాను. జ్యోతిరాణి సరేనన్నది. నాలుగేళ్లలో ఆమె సరేనన్న మాట అదొక్కటే.

5. ఎస్తర్ తన బీడీల పీఎఫ్ తీసింది. పాల్ రాజ్ లారీ టైర్ల కోసం దాచినది ఇచ్చాడు. మిగిలినది నేను వేశాను. నిజామాబాద్ బస్టాండు దగ్గర టికెట్లు చేసే వేణు గారి దుకాణంలో మా ముగ్గురికీ, జ్యోతిరాణికీ కలిపి తొంభై రెండు వేలు కట్టినాము. రసీదు జతపరిచాను.

వేణు గారు కంప్యూటరులో రాస్తూ, "ఇంటి యజమాని నంబర్ చెప్పుండ్రి" అన్నారు. జ్యోతిరాణి వెంటనే వెస్లీ నంబరు చెప్పింది. గ్యాసుకూ, బ్యాంకుకూ, వాళ్ల బిడ్డ వర్ష బడికీ అన్నిటికీ ఆ నంబరే ఇస్తుంది. పాల్ రాజ్ ఏదో అనబోతే ఎస్తర్ అతని కాలు తొక్కింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆ నంబరు పనికిరాదని ఆమె ముందర ఎవరు అంటారు అయ్యా?

6. ఓడ మరమ్మతుకు పోయిందనీ, ప్రయాణం రద్దనీ కంపెనీ వారు నెల ముందే మెసేజ్ పంపినారట. అది వెస్లీకి పోయింది.

మాకు తెలియక ఈస్టరు ముందర రైలెక్కి ముంబై పోయినాము. నిజామాబాద్ మార్కెట్టులో కొన్న చామంతులు తడిగుడ్డలో చుట్టి ఎస్తర్ ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. రేవు దగ్గర గేటు మూసి ఉన్నది. కావలి మనిషి మరాఠీలో మాట్లాడినాడు. చెరుకు లారీతో తిరిగి పాల్ రాజ్‌కు మరాఠీ వచ్చు. విని, టోపీ తీసి, మా దగ్గరికి వచ్చి చెప్పినాడు.

"ఓడ రాదట అక్క. ఖరాబైందట. ఫోన్‌కు మెసేజ్ కొట్టినమంటున్నరు."

పాల్ రాజ్ మళ్లీ అన్నాడు: "ఇంత దూరం వచ్చినం. ఈడనే ఏసి ప్రార్థన చేద్దాం. నీళ్లయితె ఇవ్వే గద."

జ్యోతిరాణి గట్టు కిందికి చూసింది. నీళ్ల మీద చెత్త తేలుతున్నది. "ఇది ఒడ్డు గద బావ. ఒడ్డుకు వచ్చినోడైతె ఇంటికి వస్తుండె" అన్నది.

పూలు వెనక్కి తెచ్చినాము. ఆ ఈస్టరుకు కూడా ఆమె గేటు బయటనే నిలబడింది.

7. తిరిగి వచ్చి వేణు గారిని కలిసినాము. ఆయన చెడ్డ మనిషి కాడు. "నాకు చెప్పరమ్మా, సీదా పార్టీకే పంపుతరు" అని బాధపడి టీ తెప్పించినారు. కంపెనీ నియమాలు చదివి వినిపించినారు. ప్రయాణం రద్దయితే బదులుగా చెన్నై నుంచి పోయే ఓడలో చోటు ఇస్తారట. అక్కరలేని వారు వారం లోపల జవాబు పంపి డబ్బు తీసుకోవచ్చునట. మా నంబరు నుంచి జవాబు రానందున చెన్నై ఓడకు ఒప్పుకున్నట్లే లెక్కనట.

"మంచి ఓడనే అమ్మా. దానికన్న పెద్దది. పైన ఈత కొట్టే కొలను గూడ ఉంటది" అన్నారు.

"చెన్నైది ఏ సముద్రం బాబూ" అని అడిగినాను.

"బంగాళాఖాతం."

"మా తమ్ముడు అందులో లేడు."

వేణు గారు కంప్యూటరు నుంచి ముఖం మా వైపు తిప్పినారు. తరువాత మెల్లగా, "నీళ్లు నీళ్లే గదమ్మా" అన్నారు. ఎస్తర్ లేచి బయటికి పోయింది.

అయ్యా, ఇది కంపెనీ వారికి అర్థం కావడం లేదు గనుక తమరికి రాస్తున్నాను. చనిపోయినవారు ఒకచోట ఉంటే ఇంకొకచోట పూలు వేసి రావడం ఎవరి ఇంట్లోనూ చేయరు. మా బాపు సమాధి బోధన్‌లో ఉన్నది. ఆర్మూర్‌లో సున్నం వేస్తే ఆయనకు వేసినట్లు కాదు.

8. కంపెనీ ఆఫీసుకు నేనే ఫోను చేసినాను. ఒక అమ్మాయి తెలుగులోనే మర్యాదగా మాట్లాడింది. ఆ నంబరు గల వ్యక్తితోనే మాట్లాడవలెనన్నది. ఆయన లేడన్నాను. "ఎప్పుడు వస్తారు మేడమ్?" అని అడిగింది. జ్యోతిరాణి నా పక్కనే కూర్చొని ఉన్నది. నేను ఫోను పెట్టేసినాను.

మరునాడు సెంటరు నుంచి మళ్లీ చేసి, పిల్లలు వినకుండా బయటికి వచ్చి, ఉన్న సంగతి చెప్పినాను. ఆ అమ్మాయి పెద్దవాళ్లను అడిగి చెప్పింది. నంబరు గల వ్యక్తి చనిపోయినట్లు సర్టిఫికెట్టు, దానితోపాటు ఆయన భార్య సంతకం చేసిన కాగితం పంపితే, మెసేజ్ అందనట్లే తీసుకొని డబ్బు వాపసు ఇస్తారట. న్యాయమైన మాటనే. కాదనను.

కాని ఆ సర్టిఫికెట్టు పెట్టె అడుగున ఉన్నది. నీళ్లు చూస్తేనే ఒప్పుకుంటానని జ్యోతిరాణి అన్నది. నీళ్లు చూపించాలంటే ఓడ కావాలి. ఓడకు డబ్బు కావాలి. డబ్బుకు ఆ కాగితం కావాలి. ఇది తిరిగి తిరిగి ఆమె దగ్గరికే వస్తున్నది.

నేను ముగ్గురి పెళ్లిళ్లు చేసినదాన్ని. ఇద్దరిని మట్టిలో పెట్టినదాన్ని. ఎవరిని ఏమి అడగవచ్చునో కొంత తెలుసు. ఆ కవరు చించు, వెస్లీ లేడని రాసి సంతకం పెట్టు అని ఆమెను అడగడం నాకు చేతకాదు. తొంభై రెండు వేల కోసం అసలే చేతకాదు.

కనుక నేను కోరునది:

(అ) సర్టిఫికెట్టు, భార్య సంతకం అడగకుండా, నా మాట మీద, మా పాస్టరు గారి లెటరు మీద మా సొమ్ము వాపసు చేయునట్లు కంపెనీ వారికి తమ ఆఫీసు నుంచి ఒక లేఖ రాయించవలెను.

(ఆ) అట్లా కుదరదంటే, వానాకాలం పోయిన తరువాత ముంబై నుంచి మళ్లీ ఓడలు తిరుగుతాయట. ఆ సముద్రంలోనే పోయే ఏ ఓడలోనైనా చోటు ఇప్పించవలెను. మంచి గది అక్కరలేదు. భోజనం అక్కరలేదు, మేము జొన్న రొట్టెలు కట్టుకొని వస్తాము. పూలు వేసేటందుకు నీళ్లు అందితే చాలును.

(ఇ) విచారణకు ఎవరైనా వస్తే ముందుగా నా దగ్గరికి రావలెను. జ్యోతిరాణి ఇంటికి సూటిగా పోయి అడగవద్దని మనవి.

మా చర్చిలో ఆదివారం అధికారుల కొరకు చేసే ప్రార్థన చాలా ఏళ్లుగా నా వంతు. తమ పేరు తెలియక కలెక్టరు గారు అని మాత్రమే అంటున్నాను. దయ కోసం చెప్పడం లేదు. ఈ అర్జీ ఏమైనా ఆ ప్రార్థన ఆగదు.

పై సంగతులు చిత్తగించవలెననియు, మా ఇంటి చిన్నవాడి విషయమై కనికరముంచి ఉత్తర్వు దయచేయవలెననియు వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
కమలమ్మ

సాక్షి సంతకాలు: పాల్ రాజ్, ఎస్తర్.
జ్యోతిరాణి సంతకం: తీసుకొనలేదు.

జతపరిచినవి: కట్టిన సొమ్ము రసీదు, ఓడ టికెట్లు, ముంబై పోయి వచ్చిన రైలు టికెట్లు, పాస్టరు గారి లెటరు.

తా.క.: అయ్యా, ఈ అర్జీ మడిచి సంచిలో పెట్టుకొని ఆదివారం చర్చి నుంచి వస్తూ జ్యోతిరాణి ఇంటి దగ్గర ఆగినాను. "ఏం రాసినవ్ వదినె, సూస్త" అన్నది. ఇవ్వకపోతే అనుమానపడుతుందని ఇచ్చినాను. వాకిట్లో నిలబడి చదివింది. ఎనిమిదో సంఖ్య దగ్గర కూర్చున్నది.

"నా సంగతి కలెక్టరుకు గూడ తెల్వాల్నా" అన్నది.

నేను తప్పయితే చించేస్తానన్నాను.

"చించకు. అబద్ధం ఒక్కటి గూడ రాయలే నువ్వు" అన్నది. తరువాత, "నన్ను అడుగుతందుకు భయపడ్డవా వదినె" అన్నది. భయపడినానని చెప్పినాను. "నువ్వు భయపడంగ నేనెన్నడు సూడలే" అన్నది. లోపలికి పోయి చాలాసేపటికి వచ్చింది. కవరు తన చేతితోనే చించింది. అందులోని కాగితం పూర్తిగా చదివింది. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది.

పాల్ రాజ్ పక్కన చూపించినాను. తన పేరు రాసింది. దాని కింద 'భార్య ఆఫ్ వెస్లీ' అని రాసింది. కలం ఎత్తి కాసేపు కూర్చొని, వెస్లీ ముందర చోటు లేకపోతే, పైన చిన్న అక్షరాలతో 'లేట్' అని ఇరికించింది. ఆ చోట దిద్దుబాటు ఉన్నదని ఆఫీసులో తిప్పి పంపవద్దని మనవి.

సర్టిఫికెట్టు ఇందుతో జతపరుస్తున్నాను. కోరికలలో (అ)లో అది అడగవద్దన్న మాట కొట్టివేసినట్లుగా భావించవలెను.

ఆమె ఒప్పుకున్నది గదా, ఇంక ఓడ ఎందుకని తమరు అడగవచ్చును. మునుపు అడిగినది ఆమెకు చూపించడానికి. ఇప్పుడు అడుగుతున్నది వాడిని సాగనంపడానికి. మా ఇంట్లో ఆ పని ఇంకా కాలేదు.