బాలామృతం పాపకే పెట్టండి

అత్తయ్యగారూ,

మీరు పాపను తీసుకుని చర్చి నుంచి వచ్చేలోపే కారు వచ్చేసింది. వెళ్తున్నాను. ఒకందుకు మంచిదే, షారోన్ పాప ఎదురుగా ఉంటే నేను కువైట్‌కి కదల్లేను.

అంగన్‌వాడీలో ఇచ్చిన బాలామృతం పిండి ప్యాకెట్టు బియ్యం డబ్బా పక్కన పెట్టేను. గోరువెచ్చని నీళ్ళలో ఉండలు కట్టకుండా కలిపి పాపకు పెట్టండి. పోయిన నెలలా గేదె కుడితిలో పొయ్యకండి. అప్పుడు నాకు కష్టమనిపించింది. గుడ్డులో పచ్చసొన ఒట్టిది ఉమ్మేస్తుంది, అన్నంలో మెదిపితే తింటుంది. సోమవారం అంగన్‌వాడీలో బరువు చూస్తారు. ఎంతొచ్చిందో ఫోన్ చేసి చెప్పండి, తగ్గినా దాచకండి.

అక్కడ టీచరుగారి ఫోన్‌లో ఉన్న ఫొటోతో తల్లి ముఖం సరిపోతేనే పాపకు సరుకు ఇస్తారు కదా. నిన్న టీచరుగారు నా ఫొటో తీసేసి మీది పెట్టేరు. "ఇక నుంచి మామ్మగారే రావాలండీ" అన్నారు. ఆయ్, అలాగే అన్నాను. పాలు మాన్పించి వారమైంది, నాకింకా పడుతూనే ఉన్నాయి.

కరుణ

ఆ ఫోన్ నన్ను మరిచిపోతే మరిచిపోయింది. పాపకు మాత్రం రోజూ నా ఫొటో చూపించండి.