కొండెక్కిన మూడు చక్రాల బండి

ట్రోన్‌హైమ్, మే 4

అమ్మా, అందరం కులాసా. కారు అమ్మేశామని దిగులుపడకు. పిల్లల్ని ముందు పెట్టెలో కూర్చోబెట్టుకునే మూడు చక్రాల సైకిలుకు మోటారు కుదిరింది. చక్రంలో బిగించే రకం చాలన్నాడు నీ అల్లుడు ఐవిండ్. బరువు చూద్దామని నిన్న తనే పెట్టెలో కూర్చున్నాడు. మా ఇంటి కొండ సగం ఎక్కేసరికి మోటారు వేడెక్కి ఆగిపోయింది.

"దిగి తొయ్యి మహారాజా!" అన్నాను.

సైకిళ్ల దుకాణం నడిపే సూల్వై నవ్వి, "అది చదును రోడ్డుకే. మీ కొండకి పెడళ్ల దగ్గర పెట్టే మోటారు కావాలమ్మా, గేర్లతో కలిసి లాగుద్ది," అంది. అది పెట్టాక మా గుమ్మం దాకా ఆగకుండా ఎక్కింది. అదే కొన్నాం.

పాత గొర్రెతోలు ఉంటే పంపు, పెట్టెలో పరుస్తాను. నాన్న దగ్గు తగ్గిందా? ఆయనకు పిల్లల ముద్దులు.

మోకాళ్ల నొప్పులతో ఈ కొండ ఎక్కలేకే కదా, చంటిదాన్ని ఇంకా చూడలేదు నువ్వు. బస్సు దిగి కిందే నిలబడు. నిన్ను పెట్టెలో కూర్చోబెట్టి ఇంటికి తొక్కుకొస్తాను.

నీ ఇంగున్